పాత రివాల్వరు: స్థితియు, చరిత్రయు

(గ్రంథాలయ రజతోత్సవ సభ యందు చేసిన ఉపన్యాసము)



విరాటపర్వ కథ విననివారు ఈ సభలో ఉండరు. వానలు పడనప్పుడు విరాటపర్వము చదివించుట పల్లెల ఆచారము గదా. అజ్ఞాతవాసము ముగియు వేళ కౌరవులు విరాటుని ఆలమందలను పట్టుకొనిపోవుచుండగా, ఉత్తరకుమారుడు బృహన్నలను సారథిగా గొని బయలుదేరి, శ్మశానము చెంతనున్న జమ్మిచెట్టు నెక్కి పాండవుల ఆయుధముల కట్టను దించెను. కట్ట విప్పిన పిదప అతడు అడిగిన ప్రశ్నలు గమనింపదగినవి. బంగారు ఏనుగుల బొమ్మలు గల విల్లు ఎవరిది? ఆరుద్ర పురుగుల వంటి చుక్కలు గలది ఎవరిది? సూర్యబింబములు గలది, మిడుతల బొమ్మలు గలది ఎవరెవరివి? ఒక్కొక్క ఆయుధముపై నున్న గుర్తును చూచి, దాని యజమాని నడిగెను. ఏనుగులది భీమునిదనియు, ఆరుద్ర పురుగులది ధర్మరాజుదనియు, సూర్యబింబములది నకులునిదనియు, మిడుతలది సహదేవునిదనియు అర్జునుడు చెప్పెను. గాండీవము మాట వచ్చినప్పుడు తన పేరు చెప్పి ఊరకుండలేదు. బ్రహ్మ, ప్రజాపతి, ఇంద్రుడు, సోముడు, వరుణుడు, పిమ్మట తాను, ఇట్లు ఎవరి చేత ఎన్నేండ్లున్నదో లెక్కతో సహా చెప్పెను.

పాత ఆయుధములను సేకరించి పరీక్షించు విద్యకంతటికిని ఈ సంభాషణమే మూలసూత్రము. ఉత్తరుడు గుర్తులను చూచెను. అర్జునుడు పరంపరను చెప్పెను. గుర్తులను చూచుట స్థితిపరీక్ష. పరంపరను చెప్పుట చరిత్రపరీక్ష. రెంటిలో ఏ ఒక్కటి లోపించినను చేత మిగులునది వట్టి ఇనుము.

గ్రంథాలయమున రివాల్వరుల ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. పాత పుస్తకము, పాత దస్తావేజు, పాత ఆయుధము, ఈ మూడును ఒకే విధముగ చదువదగినవి. మూడును అటకల మీద, ఇనుప పెట్టెల అడుగున మరుగుపడి యున్నవి. మూడింటిని చెడగొట్టునదియు పెక్కుమార్లు అజాగ్రత్త కాదు, తెలియని శ్రద్ధయే.

రివాల్వరు అనగా తిరుగునది. గుండ్ల గదులు గల చక్రమొకటి, అనగా సిలిండరు, గొట్టము వెనుక తిరుగుచు ఒక్కొక్క గుండును గొట్టమునకు ఎదురుగ తెచ్చి నిలుపును. అమెరికా దేశీయుడు సామ్యుయెల్ కోల్టు 1836లో ఆ దేశమున పేటెంటు పొంది దీనిని వ్యాప్తికి తెచ్చెను. 1851లో లండను మహాప్రదర్శనములో కోల్టు తన ఆయుధములను చూపెను. ఆ సంవత్సరమే ఆంగ్లేయుడు రాబర్టు ఆడమ్సు తన రివాల్వరును వెలువరించెను. 1857 నాటికి ఇవి హిందూదేశమున ఇంగ్లీషు దొరల నడుములకు చేరినవి. తొలినాటివి టోపీ తుపాకి వంటివే: ప్రతి గదిలో మందు, గుండు ముందు వైపునుండి దట్టించి, వెనుక రాగి టోపీ తొడుగవలెను. తరువాత ఇత్తడి తూటాలు వచ్చినవి. బర్మింగుహాములోని వెబ్లీ కంపెనీవారి రివాల్వరును ఆంగ్ల సైన్యము 1887లో స్వీకరించెను. మొదటి ప్రపంచ యుద్ధమున 1915లో వచ్చిన ఆరవ నమూనా మిక్కిలి ప్రసిద్ధము. ఈ దేశపు పాత కుటుంబములలో రివాల్వరు కనబడినచో అది వెబ్లీ వారిదగుటకు అవకాశమెక్కువ.

ఈ సీమకు సేకరణము క్రొత్త గాదు. మూడవ సాలార్ జంగు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1889లో పుట్టి, 1912 నుండి 1914 వరకు నిజాము ప్రధానిగా నుండి, ఆ పిదప 1949లో గతించు వరకు తన ఆస్తిని, ఆయువును వస్తు సేకరణమునకే ధారపోసెను. ఆయన అవివాహితుడు. సొత్తు చెదరిపోవలసినదే, గాని 1951 డిసెంబరు 16న జవాహర్లాల్ నెహ్రూ చేతులమీదుగ దివాన్ దేవిడీలో అది మ్యూజియమయ్యెను. 1961లో పార్లమెంటు చట్టముచే జాతీయ ప్రాముఖ్యము గల సంస్థ యయ్యెను. 1968లో మూసీ ఒడ్డున నేడున్న భవనమునకు మారెను. అందు ఆయుధశాల వేరుగ కలదు. జహంగీరు చక్రవర్తి కటారియు, నూర్జహాను పండ్లకత్తియు అచట చూపుదురు. ఆ చిన్న పండ్లకత్తిని జనులు నిలిచి చూచుటకు కారణమేమి? పండు కోయు కత్తి ఏ యింటనైనను కలదు. అది ఎవరిదో చెప్పు మాట దాని వెంట వచ్చినది గనుకనే దానికి ఆ గౌరవము.

ఇక స్థితిపరీక్ష. దీనికి ముందు ఒక నియమము కలదు. అది ప్రాణముతో కూడినది. ప్రతి పాత ఆయుధమును నిండుగ నున్నదనియే తలపవలెను. తాత మందు దట్టించి అటకపై నుంచిన టోపీ తుపాకి మనుమని చేతిలో పేలవచ్చును. నల్లమందు తడి తగులక యున్నచో ఎన్నేండ్లకైనను చావదు. గొట్టము మనుష్యుని వైపు గాని, పశువు వైపు గాని త్రిప్పరాదు. గొట్టములోనికి కన్ను పెట్టి చూడరాదు. ఘోడాను వెనుకకు లాగి వదలరాదు. పిల్లలను దూరముగ నుంచి, తెలిసినవానిని పిలిచి, ఖాళీ యని నిశ్చయించుకొన్న పిదపనే పరీక్ష. పరీక్ష కొరకు పేల్చి చూచుట యన్నది పనికిరాదు. పాత గొట్టములు నల్లమందునకు చేసినవి. నేటి మందు బలమునకు అవి పగులును.

పరీక్షకుడు మొట్టమొదట చూచునది లోహముపై పూత. కర్మాగారమున ఉక్కునకు నల్లనైన నీలివన్నె కట్టుదురు. కాలము గడచినకొలది అంచులందు, చేయి తగులుచోట, ఒరలో రాచుకొనుచోట అది తరిగి గోధుమవన్నెకు తిరుగును. ఈ అరుగుదల సహజము, సమానము. మొదటి పూతలో నూటికి ఎన్ని పాళ్లు మిగిలినదో చూచియే సేకరణకర్తలు దాని తరగతిని నిర్ణయింతురు. ఇచటనే పెద్ద ప్రమాదము కలదు. పండుగకు ఇత్తడి చెంబును చింతపండుతో, బూడిదతో తోమునట్లు, ఇటుకపొడితో, గరుకు కాగితముతో పాత ఆయుధమును తోమి తళతళలాడించువారు కలరు. తోమినవాడు సేవ చేసితిననుకొనును. నూరేండ్ల సాక్ష్యమును ఒక మధ్యాహ్నమున చెరిపివేసినాడు.

ఈ సంగతి కోహీరువారికి విప్పి చెప్పనక్కరలేదు. బీదరు పొరుగుననే కలదు. 1956 వరకు జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిదే. బిద్రీ పనివారు తుత్తునాగము, రాగి కలిపి పోతపోసి, వెండి తీగ పొదిగి, బీదరు కోట మట్టిని నవసాగరముతో కలిపి పట్టించి నలుపు తెప్పింతురు. ఆ నలుపే బిద్రీ. మాసినదనుకొని దానిని గీకినచో బూడిదవన్నె తుత్తునాగము బయటపడి, వెండి పువ్వు వెలవెలబోవును. రివాల్వరు నీలివన్నెయు అట్టిదే. ఎర్రగ, పొడిపొడిగ రాలు తుప్పు తినుచున్న తుప్పు. దానిని సన్నని నూనెతో, మెత్తని గుడ్డతో మెల్లగ ఆపవలెను. గట్టిపడిన గోధుమవన్నె మాత్రము ఆయుధమునకు చర్మము వంటిది. దాని జోలికి పోరాదు.

తోమి, మరల పూత వేసి క్రొత్తదని చూపు మోసమును పట్టుటకు మూడు గుర్తులు చాలును. ఒకటి, అంచులు: కర్మాగారపు అంచు చేతికి పదునుగ తగులును, చక్రముపై రాచిన అంచు సబ్బుబిళ్ల వలె గుండ్రమగును. రెండు, మరల గుంటలు: మర చుట్టు ఇనుము పళ్లెము వలె లోనికి దిగియుండును. మూడు, అక్షరములు: కంపెనీ పేరు, నంబరు పలుచబడి, ఒకవైపు మాసియుండును. కోల్టు వారి 1851 నమూనా సిలిండరుపై ఓడల యుద్ధ చిత్రమొకటి చెక్కబడి యుండును. ఆ ఓడలు తేటగ కనబడినచో ఆయుధము తక్కువ అరిగినది. ఓడలు లేక పూత మాత్రము నిగనిగలాడినచో ఆ నిగనిగ నిన్నటిది.

ఆ పిమ్మట నంబరులు. కోల్టు వారి తొలి రివాల్వరులలో ఒకే నంబరు చట్రముపై, గొట్టముపై, సిలిండరుపై, పిడి ఇత్తడిపై వేరువేరుగ కొట్టబడియుండును. అన్నియు సరిపోయినచో అది పుట్టిననాటి శరీరము. ఒకటి తేడాయైనచో ఎచటనో ఒక అంగము మార్చబడినది. మార్చుట తప్పు గాదు, దాచుట తప్పు. పరీక్షాలయ ముద్రలును చూడవలెను: బర్మింగుహాము పరీక్షాలయము 1813లో ఏర్పడినది, బెల్జియము దేశపు లీజ్ నగరపు ముద్రలో ఈ, ఎల్, జీ అను అక్షరములు కోడిగ్రుడ్డు ఆకారపు గీతలోనుండును. వెబ్లీ వారి పేరు చెప్పి అమ్మజూపిన ఆయుధముపై లీజ్ ముద్ర యున్నచో ప్రశ్నింపవలెను. ఆంగ్ల ప్రభుత్వపు సొత్తునకు బాణపు మొన గుర్తు వేయుదురు, ఊరి ఆబోతునకు అచ్చు వేసినట్లు. రెండు బాణములు మొనకు మొన తాకి యున్నచో ప్రభుత్వము దానిని సర్కారు సొత్తు నుండి తొలగించి అమ్మివేసినదని అర్థము. ఆ రెండవ బాణమే ఒక విక్రయ పత్రము.

జామతోటలకు పేరుపడిన ఈ ఊర ఒక మాట చెప్పవచ్చును. కాయను నొక్కి నొక్కి చూచు బేరగాడు కాయను కమిలించును. తెలిసినవాడు వన్నె చూచి, తొడిమ చూచి, వాసన చూచి చెప్పును. ఆయుధ పరీక్షయు చేతికంటె కంటికి పని.

ఇక చరిత్రపరీక్ష. భూమి కొనువాడు పొలము నల్లరేగడి యని చూచి సంతోషించి సొమ్ము చెల్లించునా? సేత్వారు అడుగును, 1954–55 ఖాస్రా పహాణి అడుగును, అటుపిమ్మటి పహాణీలు వరుసగ చూచును. తండ్రి పేరునుండి కొడుకు పేరునకు ఎట్లు మారినదో, నడుమ అమ్మకమున్నచో దస్తావేజు ఎక్కడో విచారించును. ఒక్క యేడు ఎగిరిపోయినను అనుమానించును. ఆయుధమునకును అదే న్యాయము. చేసినవాడెవడు, అమ్మిన దుకాణమేది, మొదటి లైసెన్సు ఎవరిది, తరువాత ఎవరి చేతికి ఎట్లు వచ్చినది, ఈ గొలుసులో ప్రతి కడియమునకును కాగితము కావలెను.

కాగితమునకెంత బలము కలదో తెలియుటకు మూడు ఉదాహరణములు చాలును. ఈ మూడింటిలోను ఆయుధములు రివాల్వరులు గావు, పిస్తోళ్లు, తుపాకులు, న్యాయము మాత్రమొక్కటియే.

1914 ఆగస్టు 26న కలకత్తాలో రొడ్డా కంపెనీకి వచ్చిన సరుకులో 50 మౌజరు పిస్తోళ్లును, 46,000 తూటాలును విప్లవకారుల చేత చిక్కినవి. కంపెనీవారు ప్రతి పిస్తోలు నంబరును పుస్తకమున వ్రాసియుంచిరి. తరువాతి సంవత్సరములలో ఎక్కడెక్కడో దొరికిన పిస్తోళ్లు ఆ సరుకులోనివేయని తెలియుటకు ఆ వరుస నంబరులే ఆధారమయ్యెను.

రెండవది తెలుగువారిది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలను అల్లూరి సీతారామరాజు పట్టుకొనెను. మూడింట కలిపి 26 తుపాకులు, 2,500కు పైగ తూటాలు ఆయన చేత పడినవి. ఆయన ఊరక తీసికొనిపోలేదు. తీసికొన్న వస్తువుల వివరము వ్రాసి, సంతకము చేసి, ఠాణాలో ఉంచి వెళ్లెను. సామ్రాజ్యముపై కత్తి గట్టినవాడు తన శత్రువునకు రశీదు ఇచ్చెను! అది ధీరత్వము, అదియే చరిత్రకు ఆధారమును అయ్యెను. ఏది, ఎక్కడ, ఏనాడు చేతులు మారినదో ఆ కాగితము చెప్పును. ఆ కాలపు తుపాకి ఒకటి చూపి ఇది రామరాజుది యని నేడెవరైన చెప్పినచో, అడుగవలసిన మొదటి మాట: ఇది ఏ ఠాణాది, దీని నంబరేమి?

మూడవది భగత్ సింగుది. 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్సు వధయందు వాడిన కోల్టు వారి .32 బోరు పిస్తోలు చాలకాలము కంటికి కనబడలేదు. కనబడకపోవుట యన మాయమగుట గాదు. 1969లో పంజాబులోని ఫిల్లౌర్ పోలీసు శిక్షణాలయము నుండి ఇండోరులోని సరిహద్దు భద్రతాదళమువారికి చేరిన ఆయుధములలో అదియు నుండెను. తుప్పు పట్టకుండ నల్లరంగు పూసిరి. ఆ రంగు క్రింద నంబరు మరుగుపడెను. 2016లో విచారణ జరిగి, రంగు తొలగించి చూడగా 168896 అను నంబరు బయటపడెను; లాహోరు కేసు కాగితములలోని నంబరును అదియే. అంతవరకు అద్దాల బీరువాలో పదింటిలో ఒకటిగ నున్నది ఆనాటినుండి జాతి పూజించు వస్తువయ్యెను. ఇనుములో అణువంత మార్పు లేదు. రెండు చోట్ల వ్రాసిన ఆరంకెలు కలిసినవి, అంతే. ఆ కాగితములు చెదలు పట్టియున్నచో? ఆ నంబరును ఎవరైన శ్రద్ధతో గరుకు కాగితము పెట్టి రుద్దియున్నచో? ఆలోచింపుడు.

కాగితము లేనిచోట కథ పుట్టును. 1799 మే 4న శ్రీరంగపట్టణము పడి టిప్పు సుల్తాను హతుడయ్యెను. ఆ యుద్ధమున నిజాము సేనయు ఇంగ్లీషువారి పక్షమున నుండెను. అందుచేత ఈ దక్కనులో ఏ పాత పిస్తోలు కనబడినను టిప్పుదేయని చెప్పుట సులభము. టిప్పు కార్ఖానాలలో చేసిన ఆయుధములకు పులిచారల అలంకారముండును. చేసిన యేడును చెక్కబడియుండును. అవి లేనప్పుడు ఆ మాట వట్టిమాట. ఇక రివాల్వరు టిప్పుదని చెప్పువాడు దొరికినచో నవ్వి ఊరకుండవలెను. కోల్టు పేటెంటునకు 37 ఏండ్ల ముందే టిప్పు గతించెను. ఇంటి పెద్దలు అబద్ధమాడుదురని కాదు. తాత చెప్పినది తండ్రి వినును, తండ్రి విన్నది కొడుకు పెంచును. మూడు తరములకు దఫేదారు సేనాపతి యగును. కనుక ఇంటి కథను కొట్టివేయనక్కరలేదు. చెప్పినవారి పేరు, చెప్పిన తేదీ వేసి, ఇది విన్నమాట యని వ్రాసియుంచిన చాలును. విన్నమాట విన్నమాటగ నున్నంతకాలము దానికిని గౌరవము కలదు.

చట్టము మాట చెప్పక ముగించుట ధర్మము గాదు. 1959 నాటి ఆయుధముల చట్టము 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చెను. పాతబడిన నమూనాయైనను, పురాతనమైనను, చెడిపోయినదైనను, మరమ్మతు చేసినను చేయకున్నను తుపాకిగ పనికిరాని దానికే ఆ చట్టమునుండి మినహాయింపు. బాగుచేసిన పేలునదైనచో, ముత్తాతదైనను లైసెన్సు కావలెను. 2019 సవరణ ప్రకారము ఒక లైసెన్సుదారు సాధారణముగ రెంటికి మించి తుపాకులుంచుకొనరాదు. లైసెన్సుదారు గతించినప్పుడు వారసులు ఆయుధమును దగ్గరి పోలీసు ఠాణాలో గాని, లైసెన్సు గల వర్తకునివద్ద గాని జమచేసి రశీదు పొందవలెను. భయపడి బావిలో పారవేయుటయు, గుట్టుగ అమ్ముటయు నేరమునకు దారి, చరిత్రకును నష్టము. నూరేండ్లు నిండిన వస్తువులను 1972 నాటి పురావస్తు చట్టము రక్షించును. వానిని సామాన్యులు దేశము దాటింపరాదు.

కావున ఈ రజతోత్సవ సమయమున గ్రంథాలయము వారికి ఒక మనవి. ఆయుధములుంచుట గ్రంథాలయపు పని గాదు. కాగితములుంచుట దాని పని. ఒక రిజిస్టరు తెరువవచ్చును. ఊరిలోని ఏ యింటనైన పాత లైసెన్సు పుస్తకము, దుకాణపు రశీదు, ఆయుధము జమచేసిన చీటి, నడుమున పిస్తోలు గల తాతగారి ఛాయాచిత్రము ఉన్నచో, దాని నకలు తీసి, ఇచ్చినవారి పేరు, తేదీ వ్రాసి భద్రపరుపవలెను. ఆయుధమునకే కాదు, బిద్రీ హుక్కాకు, పాత ఖురానుకు, తాటాకు భారతమునకు, గుడి గంటకు కూడ ఇదే పద్ధతి పనికివచ్చును. వస్తువు నేడో రేపో ఠాణాకు పోవును, మ్యూజియమునకు పోవును, పొరుగూరికి పోవును. దాని కథ మాత్రము ఊరిలో నిలుచును.

భారతమున గాండీవము కథ జమ్మిచెట్టుతో ముగియలేదు. మహాప్రస్థానమునకు వెడలునప్పుడు అగ్నిదేవుడు అర్జునునకు ఎదురుపడి, అది వరుణునివద్దనుండి తెచ్చినది గనుక మరల వరుణునకే చేరవలెనని జ్ఞాపకము చేసెను. అంతటి వీరుడును దానిని నీట విడిచెను. ఎవరినుండి వచ్చినదో వ్రాతయున్నది గనుకనే ఎవరికి చేర్పవలెనో తెలిసినది. పాత వస్తువు చేతనున్నవారు దానికి యజమానులు గారు, కొంతకాలపు కావలివారు. కావలివాని ధర్మము రెండే: ఉన్నదానిని ఉన్నట్లు కాచుట, తెలిసినదానిని తెలిసినట్లు వ్రాయుట.

 ఈ గ్రంథాలయము ఇట్లే వర్ధిల్లి స్వర్ణోత్సవము జరుపుకొనుగాక!